చిన్న లీగ్ ఐస్ హాకీ జట్టుని ఫాలో అవ్వడం దండగేనా? హెర్షీ బేర్స్ గురించి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్తే అందరి నోటా దగ్గర్లోని హెర్షీ ఊరి ఐస్ హాకీ జట్టు బేర్స్ మాటే. పదేళ్ళ బాబు మ్యాచ్‌కి తీసుకెళ్ళమని ప్రాణం తీస్తున్నాడు. ఇంట్లో నాలుగేళ్ళ పాప కూడా ఉంది. మీకేమో క్రికెట్ తప్ప వేరే ఆట తెలీదు. పైగా ఇది ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్, అన్నిటికంటే పెద్దది) కూడా కాదు, దాని కింద లీగ్. ఉద్యోగం, పిల్లల క్లాసులు, గుడి, వీకెండ్ భోజనాల మధ్య దీనికి టైమ్ పెట్టడం అవసరమా, పెడితే ఎలా అని.

దండగ కాదండీ. కాకపోతే పెద్ద లీగ్‌ని చూసే కళ్ళతో దీన్ని చూస్తే మాత్రం రెండు నెలల్లో విసుగొస్తుంది. పెద్ద లీగ్‌లో మనం ఒక స్టార్‌ని పట్టుకుని పదేళ్ళు అతని వెంట నడుస్తాం. ఇక్కడ ఆ వీల్లేదు. మీకు నచ్చిన కుర్రాడు బాగా ఆడితే వెళ్ళిపోతాడు, బాగా ఆడకపోయినా వెళ్ళిపోతాడు. ఉండిపోయేది జట్టు పేరు, ఊరు, మీ చుట్టుపక్కల సీట్లలో కూర్చునేవాళ్ళు. ఈ సంగతి మొదటే ఒప్పుకున్నవాళ్ళకి ఇక్కడి హాకీ బాగా పడుతుంది. నేను మొదటిసారి వెళ్ళింది ఆఫీసువాళ్ళు బలవంతం చేస్తేనే. ఇప్పుడు అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మా ఇంటి క్యాలెండర్ వాళ్ళ షెడ్యూల్ చూసుకునే తయారవుతుంది.

లీగ్ సంగతి ముందు చెప్తాను. బేర్స్ ఆడేది అమెరికన్ హాకీ లీగ్‌లో, అందరూ ఏహెచ్‌ఎల్ అంటారు. 32 జట్లు, ఒక్కో జట్టుకి 72 మ్యాచ్‌లు, అందులో సగం, అంటే 36, సొంతగడ్డ మీద. ప్రతి జట్టూ ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకి అనుబంధం. హెర్షీకి పైనున్నది వాషింగ్టన్ కాపిటల్స్, 2005 నుంచి. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవాళ్ళలో దాదాపు 90 శాతం మంది ఈ లీగ్ మీదుగా వెళ్ళినవాళ్ళే. కాబట్టి రంజీ లాంటిదనుకోండి. తేడా ఎక్కడంటే, ఉప్పల్‌లో రంజీ మ్యాచ్ జరుగుతుంటే స్టాండ్స్‌లో మనుషుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హెర్షీలో పదివేల మందికి పైగా పట్టే జెయింట్ సెంటర్ జనవరి చలిలో, మామూలు శనివారం రాత్రి, నిండిపోతుంది. ఏహెచ్‌ఎల్‌లో ఎక్కువ జనం వచ్చే జట్లలో హెర్షీ ఏళ్ళ తరబడి ముందు వరుసలోనే ఉంటోంది.

ఎందుకంటే ఆ ఊరికి వేరే పెద్ద జట్టేదీ లేదు. ఊరే చాక్లెట్ ఫ్యాక్టరీ కోసం పుట్టింది, వీధి దీపాలు కూడా హెర్షీ కిస్సెస్ ఆకారంలో ఉంటాయి, చూసే ఉంటారు. జట్టు 1932లో మొదలైంది. మొదట్లో పేరు హెర్షీ బార్స్, చాక్లెట్ బార్ అన్నమాట. మరీ ప్రకటనలా ఉందనిపించి 1936లో బేర్స్ చేశారు. 1938లో ఏహెచ్‌ఎల్‌లో చేరారు, అప్పటినుంచి ఒక్క సీజన్ కూడా ఊరు మారలేదు. ఈ లీగ్‌లో ఇది చాలా గొప్ప విషయం. ఎందుకంటే ఇక్కడ జట్లు ఊళ్ళు మారడం, పేర్లు మారడం మామూలే. లీగ్ ట్రోఫీ పేరు కాల్డర్ కప్. 2024 కప్‌తో కలిపి హెర్షీ 13 గెలిచింది, ఇంకెవరూ ఆ దరిదాపుల్లో లేరు. 2009-10 సీజన్లో 80 మ్యాచ్‌లకి 60 గెలిచి, అదే ఊపులో కప్పు కూడా పట్టుకొచ్చారు.

పాత అరీనా జెయింట్ సెంటర్ పక్కనే ఉంది, 1936లో కట్టినది. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా గొడుగులా వంగిన కాంక్రీట్ పైకప్పు. హాకీతో సంబంధం లేకపోయినా ఒక ముక్క చెప్తాను, ఆఫీసులో పనికొస్తుంది: 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టింది ఆ హాల్లోనే. బేర్స్ 2002లో కొత్త భవనానికి మారారు. పాత హాల్లో నాన్న భుజాల మీద కూర్చుని చూశామని చెప్పేవాళ్ళు ఇప్పటికీ మ్యాచ్‌లకి వస్తుంటారు. మా వరసలో ఒక తాతగారున్నారు. ప్రతి గోల్ పడిన నిమిషం, సెకను పెన్సిల్‌తో చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటారు. స్కోర్‌బోర్డు ఎదురుగా అంత పెద్దగా కనిపిస్తున్నా సరే. మా అమ్మాయి రాకపోతే ముందు ఆవిడ గురించే అడుగుతారు, నా గురించి తర్వాత.

ఇక అసలు విషయం, మనుషులు మారిపోవడం. మన క్రికెట్ అలవాటుకి కొత్తగా అనిపించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బేర్స్ డ్రెస్సులో కనిపించే కుర్రాళ్ళలో చాలామంది కాంట్రాక్ట్ వాషింగ్టన్ చేతిలో ఉంటుంది. అక్కడ ఎవరికో దెబ్బ తగిలిందంటే మధ్యాహ్నానికి ఇక్కడివాడికి ఫోన్ వస్తుంది. హెర్షీ నుంచి వాషింగ్టన్ కారులో రెండున్నర గంటల లోపే, సాయంత్రానికి అక్కడ మంచు మీద ఉంటాడు. అతను వెళ్ళిన ఖాళీలోకి కింది మెట్టు లీగ్ నుంచి, అంటే సౌత్ కరోలైనా స్టింగ్‌రేస్ నుంచి, ఇంకొకడు వస్తాడు. వయసు, అనుభవం ఉన్న ఆటగాణ్ణి పైనుంచి కిందికి పంపాలంటే ముందు వెయివర్స్‌లో పెట్టాలి. 24 గంటల్లోపు మిగతా ఎన్‌హెచ్‌ఎల్ జట్లలో ఎవరు కావాలన్నా ఎత్తుకుపోవచ్చు. ఎవరూ తీసుకోకపోతేనే హెర్షీకి వస్తాడు. అందుకే సీజన్ మొదలయ్యే ముందు అక్టోబర్ మొదటి వారంలో ఇక్కడి అభిమానులు మధ్యాహ్నం రెండయ్యేసరికి ఫోన్ చూస్తూ ఉంటారు. దెబ్బ తగిలి కోలుకుంటున్న పెద్ద ఆటగాడు ఒళ్ళు అలవాటు చేసుకోవడానికి రెండు వారాల లోపు ఇక్కడికి వచ్చి ఆడి వెళ్ళొచ్చు కూడా. అలాంటివాడు వచ్చిన రాత్రి మామూలు టికెట్‌కి ఎన్‌హెచ్‌ఎల్ మనిషిని చూసినట్టు.

దీనికి తోడు లీగ్ వాళ్ళ నిబంధన ఒకటుంది. బరిలోకి దిగే 18 మంది స్కేటర్లలో (గోల్‌కీపర్లు కాక) 13 మంది కుర్రాళ్ళ లెక్కలోకి రావాలి. వాళ్ళలో 12 మంది ప్రొఫెషనల్‌గా 260 మ్యాచ్‌లకి మించి ఆడి ఉండకూడదు, ఒకరికి 320 దాకా వెసులుబాటు. అంటే సీనియర్లు ఎంత ఫామ్‌లో ఉన్నా ఒక్కో రాత్రి ఒకరిద్దరు ఆడకుండా సూటు వేసుకుని పైన స్టాండ్స్‌లో కూర్చోవాల్సిందే. "నిన్న రెండు గోల్స్ కొట్టినవాణ్ణి ఇవాళ పక్కన పెట్టారేంటి, కోచ్‌కి మతి పోయిందా" అని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. చాలాసార్లు కారణం ఈ లెక్కే.

ఉదాహరణకి హంటర్ షెపర్డ్. ఏ ఎన్‌హెచ్‌ఎల్ జట్టూ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేటప్పుడు, తీసుకోని గోలీ (గోల్‌కీపర్). సౌత్ కరోలైనాలో ఆడి, మెట్టు మెట్టుగా హెర్షీకి వచ్చాడు. 2023 ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే చివరి దశలో) అత్యుత్తమ ఆటగాడు, మరుసటి సీజన్లో లీగ్ అత్యుత్తమ గోలీ. రెండు కప్పులు ఆయన భుజాల మీద వచ్చాయని చెప్పొచ్చు. 2025 వేసవిలో వేరే చోటికి వెళ్ళిపోయాడు. ఆ రెండు కప్పులూ గెలిపించిన కోచ్ టాడ్ నెల్సన్ కూడా అదే వేసవిలో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కి అసిస్టెంట్ కోచ్‌గా వెళ్ళాడు. పెంగ్విన్స్ అంటే మన పక్క ఊరి ప్రత్యర్థి విల్క్స్‌బారీకి పైనున్న జట్టు! ఇక్కడ ఎవరూ తిట్టుకోలేదు. పైకి వెళ్ళడం కోసమే కదా అందరూ ఇక్కడికి వచ్చేది. కోచ్‌ల సంగతీ అంతే. 2006లో కప్ గెలిపించిన బ్రూస్ బూడ్రోని 2007 నవంబర్‌లో సీజన్ మధ్యలోనే వాషింగ్టన్ తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు వాషింగ్టన్ కోచ్‌గా ఉన్న స్పెన్సర్ కార్బరీ 2018 నుంచి 2021 దాకా ఇక్కడే.

ఆ వెళ్ళినవాళ్ళని టీవీలో చూడటం ఇంకో సరదా. జాన్ కార్ల్‌సన్, బ్రేడెన్ హోల్ట్‌బీ హెర్షీలో ఆడి వెళ్ళినవాళ్ళే, 2018లో వాషింగ్టన్ స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ కప్పు, గెలిచినప్పుడు ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. అందరికంటే నాకు ఇష్టమైన కథ జే బీగిల్‌ది. 2007లో ఐడహోలో మూడో మెట్టు లీగ్ కప్పు, 2009లో, 2010లో హెర్షీతో కాల్డర్ కప్పు, 2018లో స్టాన్లీ కప్పు. మూడు మెట్ల కప్పులూ గెలిచిన మొదటి ఆటగాడు. స్టార్ కాదు, గోల్స్ వరద పారించలేదు. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం గోడ మూలల్లో కొట్లాడే రకం. ఈ లీగ్‌ని అర్థం చేసుకోవాలంటే అలాంటివాళ్ళని గమనించాలి.

దీన్నిబట్టి ఒక సలహా. బాబుకి జెర్సీ కొంటారు, తప్పదు. వెనక ఆటగాడి పేరు వేయించకండి. డిసెంబర్‌లో కొన్న పేరు మార్చికి పరాయి జట్టులో ఉండొచ్చు. ఖాళీగా ఉంచండి, లేదా మీ ఇంటిపేరు వేయించండి. ఇంటిపేరు పొడుగైతే అక్షరాలు చంకల దాకా వస్తాయి, అదీ ఒక అందమే.

రోజువారీ జీవితంలో ఎలా ఇరికించాలన్నది మీ రెండో ప్రశ్న. అన్ని మ్యాచ్‌లూ చూడాలనుకోకండి. 72 మ్యాచ్‌లు ఉద్యోగం ఉన్నవాడు చూడలేడు, చూడనక్కర్లేదు. మా పద్ధతి చెప్తాను. నాలుగు కుటుంబాలం కలిసి సీజన్ టికెట్లు తీసుకుంటాం. ఒక్కో ఇంటికి తొమ్మిది మ్యాచ్‌లు వస్తాయి. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం ఎవరింట్లోనైనా టిఫిన్లకి కలిసి, చీటీలు తీసి, వంతులవారీగా తేదీలు ఎంచుకుంటాం. మొదటి చీటీ వచ్చినవాళ్ళు టెడ్డీ బేర్ రాత్రి (దాని సంగతి కింద చెప్తాను) ఎత్తుకుపోతారు, మిగతావాళ్ళు ఉసూరుమంటారు. దసరా, బతుకమ్మ, దీపావళి సీజన్ మొదట్లోనే వస్తాయి కాబట్టి అక్టోబర్ తేదీలు ఎవరికీ అక్కర్లేదు, న్యూ కంబర్లాండ్ గుడిలో కార్యక్రమాలుంటాయి. సంక్రాంతి వీకెండ్ మాత్రం ఏటా గొడవే. మీ కాలనీలో ఇంకో ఇద్దరు ముగ్గుర్ని కలుపుకుంటే ఇదే తేలిక. మొదటి ఏడాది మాత్రం సీజన్ టికెట్ జోలికి వెళ్ళకండి. విడి టికెట్లతో నాలుగైదు చూసి, ఇంట్లో అందరికీ పడుతోందో లేదో తేల్చుకోండి.

వారం మధ్యలో మ్యాచ్ ఏడింటికి. మెకానిక్స్‌బర్గ్ నుంచి ఐదున్నరకల్లా బయల్దేరితే నది దాటి, 322 రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఈదుకుంటూ సమయానికి చేరతారు. ఇంట్లో తినేసి వెళ్ళండి. లోపల శాకాహారులకి ఫ్రెంచ్ ఫ్రైస్, ప్రెట్జెల్, పిజ్జా తప్ప పెద్దగా ఏమీ ఉండవు, ధరలు చూస్తే అవీ అరగవు. మర్నాడు బడి ఉంటే, మూడు పీరియడ్ల ఆటలో రెండోది అయ్యాక లేచి వచ్చేయడంలో తప్పేమీ లేదు. ఇక్కడివాళ్ళూ చిన్నపిల్లలుంటే అదే చేస్తారు. మూడో పీరియడ్ కారులో రేడియోలో వినొచ్చు. నన్నడిగితే మీరు జట్టుకి నిజంగా అలవాటుపడేది ఆ రేడియోతోనే. చిన్నప్పుడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ కామెంటరీ విన్నవాళ్ళకి ఆ మజా వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటారు, ముందు అద్దం మీద మంచు, ఆఖరి రెండు నిమిషాల్లో అవతలివాళ్ళు గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపారని కామెంటేటర్ గొంతు పెంచుతాడు. ఇల్లు వచ్చేసినా గరాజ్‌లో కారు ఆపేసి మ్యాచ్ అయ్యేదాకా కూర్చున్న రాత్రులు మా ఇంట్లో మామూలే. బయట ఊళ్ళో ఆడేవాటికి రేడియో చాలు. వీడియో కావాలంటే లీగ్ మ్యాచ్‌లన్నీ 2024-25 నుంచి ఫ్లోహాకీలో వస్తున్నాయి, డబ్బు కట్టాలి. ఒక నెల చూసి నిర్ణయించుకోండి.

శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లు పడే వీకెండ్లు ఉంటాయి. పెద్ద లీగ్‌లో ఇది కనిపించదు. ఇక్కడ టికెట్లు అమ్ముడుపోయేది వీకెండ్‌లోనే కాబట్టి కుర్రాళ్ళకి ఈ శిక్ష. శుక్రవారం అల్లెన్‌టౌన్‌లో ఆడి, అర్ధరాత్రి బస్సులో వచ్చి, శనివారం ఇక్కడ ఆడి, ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ విల్క్స్‌బారీలో దిగుతారు. మూడో రోజు కాళ్ళు బరువెక్కి ఉంటాయి, పాసులు ఒక అడుగు వెనక పడతాయి, తప్పులు ఎక్కువ, గోల్స్ కూడా ఎక్కువే. పెద్ద గోలీకి విశ్రాంతి ఇచ్చి రెండోవాణ్ణి దింపుతారు. ఆట నాణ్యత కావాలంటే శుక్రవారం వెళ్ళండి. పిల్లలతో సరదాగా అయితే ఆదివారం మేలు, ముందే మొదలై ముందే అయిపోతుంది.

ఆట ఎలా చూడాలో రెండు మూడు మాటల్లో. మొదటిసారి మంచు మైదానం (రింక్) చుట్టూ ఉండే అద్దం పక్కన ఖరీదైన సీట్లు కొనకండి. అక్కడ కూర్చుంటే చప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అవతలి సగం ఏం జరుగుతోందో కనిపించదు, చలి కూడా ఎక్కువ. పైన, మూల వైపు సీట్లు చవక, మొత్తం రింక్ కనిపిస్తుంది. మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు. నిర్ణీత సమయంలో గెలిస్తే రెండు పాయింట్లు, ఓడితే సున్నా, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. రెగ్యులర్ సీజన్ ఓవర్‌టైమ్‌లో ముగ్గురు ముగ్గురే ఆడతారు కాబట్టి మైదానమంతా ఖాళీ, అప్పుడు మాత్రం పాప్‌కార్న్ కోసం లేవకండి. మొదటి పది నిమిషాలు పక్ ఎక్కడుందో కంటికి ఆనదు, అది అందరికీ ఉండే బాధే. పక్‌ని వదిలేసి పక్ లేనివాళ్ళు ఎటు పరిగెడుతున్నారో చూడండి. బెంచి వైపు కూడా చూడండి. ముప్పావు నిమిషానికోసారి అయిదుగురు మారిపోతుంటారు, ఎవరూ విజిల్ ఊదకుండానే. ఆ మార్పు తప్పుగా జరిగినప్పుడే ఎక్కువ గోల్స్ పడతాయి. ఆఫ్‌సైడ్, ఐసింగ్ లాంటి నిబంధనలు నాలుగో మ్యాచ్‌కి వాటంతట అవే వంటబడతాయి, ముందే చదువుకుని బుర్ర పాడుచేసుకోవద్దు.

ఆటకి అరగంట ముందే లోపలికి వెళ్ళి వార్మప్‌లో బాబుని అద్దం దగ్గర నిలబెట్టండి. టికెట్ ఎక్కడిదైనా ఆ సమయంలో కిందికి వెళ్ళనిస్తారు. ఎవరో ఒకరు కర్రతో పక్ పైకెత్తి అద్దం మీదుగా పిల్లలకి వేస్తారు. అది చేతిలో పడితే మీ పని అయిపోయినట్టే, ఇక మీరు అభిమాని అయ్యారో లేదో ఎవరూ అడగరు. పక్ చూడ్డానికి చిన్నదే గానీ దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు, ఆటకి ముందు గడ్డకట్టిస్తారు. కాబట్టి ఆట జరుగుతున్నప్పుడు ఫోన్‌లో తల పెట్టి కూర్చోవద్దని ఇద్దరు పిల్లలకీ గట్టిగా చెప్పండి. గోల్స్ వెనక వల ఉంటుంది, పక్కల ఉండదు.

కొట్లాటల గురించి మీ ఆవిడ భయపడుతున్నారన్నారు. అబద్ధం ఎందుకు, జరుగుతాయి. రిఫరీలు కాసేపు చూసి విడదీస్తారు, ఇద్దరూ అయిదేసి నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటారు. ఒక సీజన్లో పదో కొట్లాట నుంచే సస్పెన్షన్ పెట్టారు కాబట్టి మునుపటంత లేవు. చాలా మ్యాచ్‌లు ఒక్కటీ లేకుండానే అయిపోతాయి. నా వరకు నాకు అది లేకపోతేనే బాగుంటుంది. జనం మాత్రం లేచి నిలబడి అరుస్తారు, మీ బాబు కూడా అరుస్తాడు, సిద్ధపడి వెళ్ళండి.

టెడ్డీ బేర్ రాత్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏటా ఒక మ్యాచ్‌కి, ఈమధ్య జనవరి మొదట్లో, అందరూ సంచుల నిండా మెత్తటి బొమ్మలతో వస్తారు. బేర్స్ మొదటి గోల్ కొట్టగానే అన్నీ మంచు మీదికి విసురుతారు. తర్వాత వాటిని సేవా సంస్థల ద్వారా పిల్లలకి పంచుతారు. 2023లో 67,309 బొమ్మలు, 2024లో 74,599, 2025 జనవరిలో 102,343. పదివేల మంది చేతుల్లోంచి లక్ష బొమ్మలు! పై వరసలవాళ్ళు విసిరినవి కింది వరసలవాళ్ళ నెత్తిన పడతాయి, వాళ్ళు మళ్ళీ ముందుకి విసురుతారు. మంచు కనిపించదు, రంగురంగుల గుట్టలు. ఆటగాళ్ళు కూడా స్కేట్లతోనే ఆ గుట్టల్లో దొర్లుతారు, మోసుకెళ్తారు. ఆట చాలాసేపు ఆగిపోతుంది, ఎవరికీ తొందర ఉండదు. టెన్షన్ అంతా గోల్‌కి ముందే. మొదటి పీరియడ్లో గోల్ పడకపోతే పదివేల మంది ఒళ్ళో బొమ్మల కొండ పెట్టుకుని, అవతలి గోలీ ఆపిన ప్రతి షాట్‌కీ మూలుగుతుంటారు. ఇంట్లో మూలనపడ్డ బొమ్మలు శుభ్రంగా ఉన్నవి ఇప్పటినుంచే ఒక సంచిలో వేసి ఉంచండి. పాప మాత్రం తనది విసరనని మొండికేస్తుంది, తనకి కొత్తది ఒకటి పట్టుకెళ్ళండి. ఈ రాత్రి టికెట్లు ముందే అయిపోతాయి.

మార్చి దాటాక మొహాలు మళ్ళీ మారతాయి. కాలేజీ సీజన్ అయిపోయిన కుర్రాళ్ళు ట్రైఔట్ మీద వస్తారు, పేరు కూడా సరిగ్గా తెలియకుండానే ఆడుతుంటారు. ఏప్రిల్ చివర్లో ప్లేఆఫ్స్. 32 జట్లలో 23 వెళ్తాయి కాబట్టి వెళ్ళడం గొప్ప కాదు, జూన్ దాకా నిలవడం గొప్ప. 2023లో ఏడు మ్యాచ్‌ల ఫైనల్ కాలిఫోర్నియా ఎడారిలోని కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్‌తో. మొదటి రెండు మ్యాచ్‌లూ అక్కడే, 5-0, 4-0 తేడాతో ఓడారు. ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఆఫీసులో అందరూ మొహాలు వేలాడేశారు. అక్కణ్ణుంచి ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చారు. జూన్ 21, మళ్ళీ అక్కడే, మన టైమ్ ప్రకారం రాత్రి పదింటికి మొదలు. రెండు గోల్స్ వెనకబడి, సమం చేసి, ఓవర్‌టైమ్‌లో మైక్ వెక్కియోనీ గోల్‌తో 3-2. అర్ధరాత్రి దాటాక వీధిలో ఎవరో కారు హారన్ కొట్టారు, పక్కింటివాళ్ళు లైట్లు వేశారు. మర్నాడు తొమ్మిదింటి స్టాండప్ మీటింగ్‌కి సగం మంది కెమెరా ఆపేసి కూర్చున్నారు, మేనేజర్‌తో సహా. 2024లో అదే ప్రత్యర్థితో, ఈసారి సొంత గడ్డ మీద ఆరో మ్యాచ్‌లో, మళ్ళీ ఓవర్‌టైమ్‌లోనే, మ్యాట్ స్ట్రోమ్ గోల్‌తో ముగించారు.

ఆఫీసు సంగతి అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. మీ సహోద్యోగుల్లో పెద్ద లీగ్‌లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌ని అభిమానించేవాళ్ళు, పిట్స్‌బర్గ్‌ని అభిమానించేవాళ్ళు పక్కపక్కనే ఉంటారు, ఒకరినొకరు పీక్కుతింటుంటారు. వాషింగ్టన్ అంటే ఇద్దరికీ పడదు. అయినా వాషింగ్టన్ కుర్రాళ్ళు ఆడే బేర్స్‌కి మాత్రం ఇద్దరూ కలిసే వెళ్తారు. ఇదేం విడ్డూరం అనుకోకండి. ఒకప్పుడు హెర్షీ ఫ్లయర్స్ అనుబంధ జట్టే, 1984 నుంచి 1996 దాకా. తర్వాత 2005 దాకా కొలరాడోది. 1988లో ఫ్లయర్స్ కింద కప్ గెలిచారు, 1997లో కొలరాడో కింద. పైన ఎవరున్నా ఇక్కడివాళ్ళు సీటు మారలేదు. కాబట్టి వాళ్ళతో మాట్లాడేటప్పుడు వాషింగ్టన్ గురించి ఎత్తకండి, "నిన్న గోలీ ఎలా ఆడాడు" అనండి చాలు, టీ చల్లారేదాకా వాళ్ళే చెప్తారు.

మొదటి మ్యాచ్‌కి నా ఎంపిక: విల్క్స్‌బారీ పెంగ్విన్స్‌తోనో, అల్లెన్‌టౌన్ నుంచి వచ్చే లీహై వ్యాలీ ఫాంటమ్స్‌తోనో ఆడే ఆదివారం చూసుకోండి. రెండూ దగ్గరి ఊళ్ళ జట్లే, అవతలి అభిమానులు కూడా బస్సుల్లో వస్తారు, అరుపులకి కొదవుండదు. స్వెటర్ వేసుకోండి, పెద్ద కోటు కారులోనే వదిలేయొచ్చు. పాపకి మాత్రం చెవులు మూసే హెడ్‌ఫోన్లు తప్పనిసరి. గోల్ పడ్డప్పుడు మోగే హారన్‌కి మా చిన్నది మొదటిసారి జడుసుకుని, ఆ తర్వాత రెండు పీరియడ్లూ బయట వరండాలో వాళ్ళమ్మ ఒళ్ళోనే గడిపింది. నడవ చివరి సీట్లు తీసుకుంటే అలా లేచి వెళ్ళడానికి ఇబ్బంది ఉండదు. షెడ్యూల్ చూసి తేదీ అనుకున్నాక చెప్పండి, ఆ రోజు మా వంతైతే అక్కడే కలుద్దాం.